ఉదర వైద్యంలో మారిన పాఠాలు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం జీర్ణకోశం, క్లోమం, కాలేయం గురించినవే. విశాఖపట్నంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను వైద్యులు ఈ వ్యాధుల మీద శిక్షణ తరగతులకు వెళ్లి వస్తున్నారు. ఆ తరువాత వారి చికిత్సలో కనిపించే మార్పును చూసి రోగుల బంధువులు కలవరపడుతున్నారు. పాత పద్ధతే సరైనదేమో, కొత్త పద్ధతి అశ్రద్ధేమో అన్న అనుమానం చాలా ఉత్తరాలలో ఉంది. అందుకే ఈసారి ఒక్కో మార్పుకు కారణం ఏమిటో కూడా వివరించాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా కుటుంబానికి ఎన్నో ఏళ్లుగా వైద్యం చేస్తున్న డాక్టరు గారు జీర్ణకోశ, క్లోమ, కాలేయ వ్యాధుల మీద తరగతులు ఉన్నాయని చెప్పి రెండు రోజులు క్లినిక్ మూసేశారు. అంత అనుభవం ఉన్నవారికి ఇంకా తరగతులు ఎందుకండీ? అవి నిజంగా చదువేనా, లేక మందుల కంపెనీలు పెట్టే విందులా? (ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు క్లినిక్ మూసి వెళ్లడం మీ కుటుంబానికి మంచిదే. మన దేశంలో 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్య కార్యక్రమాలలో పాల్గొనాలి. నా దృష్టిలో ఆ 30 గంటలు చాలా తక్కువ. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

1923లో మొదలైన మన ఆంధ్ర వైద్య కళాశాలలో 1980 ప్రాంతంలో చదివిన విద్యార్థి, కడుపులో పుండుకు కారణం ఆమ్లం, మానసిక ఒత్తిడి, కారం, మసాలాలు అని నేర్చుకున్నాడు. మందులకు తగ్గకపోతే ఆపరేషన్ చేసి ఆమ్లాన్ని పుట్టించే నరాన్ని కత్తిరించేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఆ పుండ్ల వెనుక ఉన్న హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను వేరుచేశారు. ఆ పరిశోధనకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పట్టా పుచ్చుకున్న తరువాత మళ్లీ పుస్తకం తెరవని వైద్యుడు, రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో నయమయ్యే జబ్బుకు జీవితాంతం గ్యాస్ బిళ్లలు రాస్తూనే ఉంటాడు. హెపటైటిస్ సి కథ కూడా ఇలాంటిదే. ఆ వైరస్ ఉనికి 1989లో గానీ బయటపడలేదు. ఆ తరువాత చాలా ఏళ్లపాటు నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు తప్ప వేరే దారి లేదు, వాటి దుష్ప్రభావాలు భరించలేక మధ్యలో మానేసినవారు ఎందరో. ఇప్పుడు ఎక్కువమందికి 12 వారాల పాటు నోటిద్వారా వేసుకునే బిళ్లలు చాలు, నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితం. ఈ సంగతి తెలియని వైద్యుడి దగ్గరకు వెళ్లిన రోగి, ఉచితంగా నయమయ్యే జబ్బుతో సిరోసిస్ దాకా, అంటే కాలేయం గట్టిపడి చెడిపోయే దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

ఇక విందుల సంగతి. మందుల కంపెనీల నుంచి వైద్యులు బహుమతులు, ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని ఆ నియమావళికి 2009లో చేసిన సవరణ చెబుతోంది. అయినా మీ అనుమానం నిరాధారమని నేను అనను. మంచి తరగతిని గుర్తించే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడ ఉపన్యాసకుడు మందును కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో చెబుతాడు. ఒక రోగి వివరాలు ముందుంచి "మీరైతే ఏం చేస్తారు" అని కూర్చున్నవారిని అడుగుతాడు, జవాబులు విన్నాకే తన మాట చెబుతాడు. వరుసగా ఉపన్యాసాలు విని వచ్చేవారి చికిత్సలో మార్పు కొద్దిగానే ఉంటుందని, చర్చ, అభ్యాసం కలిసినప్పుడు మార్పు ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలలో తేలింది. మీ డాక్టరు గారు తిరిగి వచ్చాక "ఈసారి కొత్తగా ఏం చెప్పారండీ" అని మర్యాదగా అడగండి. శ్రద్ధగా విని వచ్చిన వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. మొదటిసారి క్లోమం వాచినప్పుడు ఒక నర్సింగ్ హోంలో వారం రోజులు నోటికి ఏమీ ఇవ్వకుండా, రాత్రీ పగలూ సెలైన్ ఎక్కించి, ఖరీదైన యాంటీబయాటిక్స్ ఇచ్చారు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని స్కానింగ్‌లో వచ్చినా తరువాత చూద్దాం అన్నారు. మూడు నెలలకే మళ్లీ నొప్పి వస్తే విశాఖలో వేరే ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ మర్నాడే ఇడ్లీ పెట్టారు, సెలైన్ తక్కువ ఇచ్చారు, యాంటీబయాటిక్ అసలు ఇవ్వలేదు, పైగా ఇంటికి పంపేలోపే పిత్తాశయం తీసేయాలన్నారు. రెండోచోట సరిగా చూడలేదని మా బంధువులంటున్నారు. ఏది నిజం? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: రెండోచోట జరిగిందే నేటి సరైన వైద్యం. మీ బంధువుల ఆందోళన నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మొదటి నర్సింగ్ హోంలో చేసినదే ఒకప్పుడు అందరూ చేసేవారు. కాబట్టి ఒక్కో అంశం విడిగా చెబుతాను.

ముందు జబ్బు నిర్ధారణ. పొట్ట పైభాగంలో మొదలై తరచుగా వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ అనే క్లోమపు ఎంజైములు మామూలు గరిష్ఠ స్థాయికి కనీసం మూడు రెట్లు పెరగడం, స్కానింగ్‌లో వాపు కనిపించడం, ఈ మూడింటిలో రెండు ఉంటే అది క్లోమశోథ, అంటే క్లోమం వాపు. 2012లో సవరించిన అంతర్జాతీయ నిర్వచనం ఇది. మొదటి రెండూ స్పష్టంగా ఉన్నవారికి చేరిన రోజే సీటీ స్కాన్ తీయించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. కారణం తెలుసుకోవడానికి అల్ట్రాసౌండ్ మాత్రం అందరికీ కావాలి.

ఉపవాసం సంగతి చూద్దాం. తిండి తింటే క్లోమం రసాలు ఊరుస్తుంది కాబట్టి, తిండి ఆపితే దానికి విశ్రాంతి దొరుకుతుందని ఒకప్పుడు అనుకునేవారు. కానీ పేగుకు ఆహారం అందకపోతే దాని లోపలి పొర బలహీనపడుతుంది. అక్కడ ఉండే సూక్ష్మజీవులు ఆ పొరను దాటి రక్తంలోకి, దెబ్బతిన్న క్లోమంలోకి చేరతాయి. అంటే విశ్రాంతి పేరుతో చేసిన ఉపవాసమే ఇన్‌ఫెక్షన్‌కు దారి వేస్తుంది. అందుకే వాంతులు తగ్గి, ఆకలి పుట్టిన రోగికి 24 గంటలలోపే నూనె తక్కువగా ఉన్న మెత్తని ఆహారం ఇవ్వవచ్చు. ఇడ్లీ, మజ్జిగన్నం, చోడి జావ ఏదైనా సరే, ముందు నీళ్లు, తరువాత జావ, ఆ తరువాతే అన్నం అనే పాత వరుస పాటించనక్కరలేదు. తినలేనంత జబ్బుగా ఉన్నవారికి ముక్కు ద్వారా వేసిన గొట్టంతో ఆహారం పంపుతారు. నరం ద్వారా పోషకాహారం ఇవ్వడం ఆఖరి మార్గం.

సెలైన్ విషయంలో మార్పు ఇంకా ఇటీవలిది. ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదన్న నమ్మకం వైద్యులలో చాలాకాలం ఉంది. స్పెయిన్, ఇటలీ, మెక్సికోలతో పాటు భారతదేశం కూడా పాల్గొన్న ఒక అధ్యయనం 2022లో వెలువడింది. అందులో 249 మంది రోగులను రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి ధారాళంగా, మరో బృందానికి మితంగా ద్రవాలు ఎక్కించారు. ధారాళంగా ఎక్కించినవారిలో జబ్బు తీవ్రత ఏమీ తగ్గలేదు, పైగా నూటికి 20.5 మందికి ఒంట్లో నీరు అధికమై ఇబ్బంది కలిగింది. మితంగా ఇచ్చినవారిలో అది 6.3 శాతమే. ఆ తేడా చూసి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు రింగర్ లాక్టేట్ అనే సెలైన్ వంటి ద్రవాన్ని మితంగా ఇస్తూ, మూత్రం ఎంత వస్తోంది, నాడి ఎలా ఉంది, రక్తపరీక్షలు ఏం చెబుతున్నాయి అని కొన్ని గంటలకోసారి చూసి మోతాదు మారుస్తారు. సీసాల లెక్క తగ్గినంత మాత్రాన శ్రద్ధ తగ్గినట్టు కాదు. ఈ పద్ధతిలో రోగిని ఎక్కువసార్లు చూడవలసి వస్తుంది.

యాంటీబయాటిక్ ఎందుకు ఇవ్వలేదో కూడా చెబుతాను. మొదటి రోజులలో వచ్చే జ్వరం, వాపు క్లోమరసాలు సొంత కణజాలాన్నే దెబ్బతీయడం వల్ల వచ్చేవి, సూక్ష్మజీవుల వల్ల కాదు. ముందుజాగ్రత్తగా ఇచ్చిన యాంటీబయాటిక్ వల్ల మేలు లేదని తేలింది. పిత్తనాళాలలో చీము పట్టినా, చచ్చిపోయిన క్లోమభాగానికి ఇన్‌ఫెక్షన్ సోకినా అప్పుడు తప్పనిసరిగా ఇస్తారు. అలా సోకినప్పుడు కూడా వెంటనే పొట్ట కోయడం ఇప్పుడు లేదు. వీలైతే నాలుగు వారాలు ఆగి, చుట్టూ గోడ కట్టుకున్నాక గొట్టంతోనో ఎండోస్కోపీతోనో చీము బయటకు తీసి, దానితో సరిపోకపోతేనే ఆపరేషన్ చేస్తారు. ఈ మెట్టుమెట్టు పద్ధతి మేలని నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు.

మీ తమ్ముడి విషయంలో అన్నింటికంటే ముఖ్యమైనది పిత్తాశయం. రాళ్ల వల్ల వచ్చిన తేలికపాటి క్లోమశోథ తగ్గిన తరువాత, అదే చేరికలో పిత్తాశయం తీసేసినవారిని, నెల రోజుల తరువాత రమ్మని పంపినవారిని నెదర్లాండ్స్‌లోనే పోల్చి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, రాళ్ల వల్ల మళ్లీ ఆస్పత్రి పాలవడం లేదా ప్రాణాపాయం మొదటివారిలో 5 శాతం, రెండోవారిలో 17 శాతం. మీ తమ్ముడు అనుభవించిన రెండోసారి నొప్పి ఆ 17 శాతంలోకి వచ్చేదే. కాబట్టి ఆపరేషన్‌ను ఇక వాయిదా వేయకండి. క్లోమం చుట్టూ నీరు చేరినవారికి, జబ్బు తీవ్రంగా ఉన్నవారికి మాత్రమే కొన్ని వారాలు ఆగమంటారు.

ఆయనకు మద్యం అలవాటు ఉంటే పూర్తిగా మానాలి, తగ్గించడం సరిపోదు. పొగతాగడం కూడా క్లోమాన్ని విడిగా దెబ్బతీస్తుంది, ఈ మాట రోగులకు చెప్పేవారు తక్కువ. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 1000 దాటితే అవి కూడా ఇదే జబ్బు తెస్తాయి గనుక ఒకసారి పరీక్ష చేయించండి. ముందు ముందు మలం జిడ్డుగా తేలుతున్నా, బరువు తగ్గుతున్నా, కొత్తగా మధుమేహం వచ్చినా క్లోమం శాశ్వతంగా దెబ్బతిన్నదేమో చూడాలి. అప్పుడు ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూళ్లను భోజనంతో పాటే వేసుకోవాలి. తిన్న గంట తరువాత వేసుకుంటే డబ్బు దండగ.

ప్రశ్న: నేను ఎనిమిదేళ్లుగా రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను. మానితే మంట. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారికి, కీళ్లనొప్పులకు రోజూ బిళ్లలు మింగేవారికి ఈ మందు రక్షణ. వారు సొంతంగా ఆపకూడదు. మీకు అలాంటి కారణం లేకపోతే, ఒక్కసారిగా మానడం వల్ల కొద్దిరోజులు ఆమ్లం ఎక్కువగా ఊరి మంట పుడుతుంది, దానినే జబ్బు తిరిగి వచ్చిందని చాలామంది అనుకుంటారు. మీ డాక్టరుతో మాట్లాడి మోతాదును క్రమంగా తగ్గించుకోండి. హెలికోబాక్టర్ పరీక్ష చేయించేటట్లయితే అంతకు రెండు వారాల ముందు ఈ మందు ఆపాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. మింగడం కష్టమైనా, బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా వెంటనే ఎండోస్కోపీ చేయించండి. చెమటతో కూడిన ఛాతీ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా ఈసీజీ తీయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి లివర్ సిరోసిస్. పొట్టలో నీరు చేరి, ఒకసారి మతి తప్పి మాట్లాడారు. అప్పటినుంచి పప్పు, గుడ్డు, చేప అన్నీ మాన్పించి చప్పిడి అన్నం పెడుతున్నాం. ఆయన ఎముకల గూడులా అయిపోయారు. మొన్న చూపించిన కొత్త డాక్టరు గుడ్లు పెట్టమన్నారు. మళ్లీ మతి తప్పుతుందేమోనని మా అమ్మ భయపడుతోంది. (ఒక పాఠకురాలు, భీమిలి)

జవాబు: అమ్మగారికి ధైర్యం చెప్పండి, గుడ్డు పెట్టమనండి. మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు పుట్టే అమోనియా మెదడుకు చేరి మతిభ్రమణ తెస్తుందని, అందుకే అవి ఆపాలని పాత పుస్తకాలలో ఉండేది. కానీ అమోనియాను శుద్ధి చేసే పని కాలేయం చేయలేనప్పుడు, ఆ పనిలో ఎక్కువ భాగం కండరాలే అందుకుంటాయి. తిండి ఆపితే కండ కరుగుతుంది, కండ కరిగితే అమోనియా ఇంకా పెరుగుతుంది. కాబట్టి చప్పిడి అన్నం ఆయనను మళ్లీ మతిభ్రమణ వైపే నెడుతుంది. ఇప్పటి సలహా ప్రకారం, నీరు చేరకముందున్న బరువు లెక్కన కిలోకు రోజూ 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కాబట్టి, పప్పు, పెరుగు, పాలు, చేప అన్నీ కలిస్తే గానీ ఆ లెక్క చేరదు.

ఇంకొక ముఖ్యమైన మాట. సిరోసిస్ రోగి రాత్రంతా ఏమీ తినకుండా ఉంటే, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంతగా అతని ఒళ్లు కరుగుతుంది. పడుకునే ముందు ఏదో ఒకటి, పాలన్నమో, రెండు రొట్టెలో తప్పకుండా పెట్టండి.

ఆపవలసింది ఉప్పు. రోజంతటికీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. మన తీరంలో ఇది కష్టమే. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, ఎండురొయ్యలు ఇంట్లో ఉన్నంతకాలం ఈ లెక్క నిలవదు. పచ్చి చేప కూర వండుకోవచ్చు గానీ, బాగా ఉడికించాలి, ఎందుకంటే సగం ఉడికిన సముద్రపు ఆహారంలోని కొన్ని సూక్ష్మజీవులు కాలేయం చెడినవారికి ప్రాణాంతకం. నీళ్లు తాగడం మాత్రం, రక్తంలో సోడియం బాగా పడిపోయిందని డాక్టరు చెబితే తప్ప తగ్గించనక్కరలేదు.

లాక్టులోజ్ సిరప్‌ను రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనమయ్యేలా సర్దుకుంటూ ఇవ్వండి. అంతకంటే ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గి అదే మతిభ్రమణ తెస్తుంది. నిద్రమాత్రలు వద్దు. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి అసలు వద్దు, అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ రోజుకు 2 గ్రాముల లోపు వాడవచ్చు, కానీ చాలామంది దీనికే భయపడి, నిజంగా ప్రమాదకరమైన వాటిని మింగుతారు. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పనిసరి, కాలేయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడానికి అదే మార్గం. జ్వరం, కడుపునొప్పి, తికమక మాటలు, నల్లని మలం, రక్తపు వాంతి, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) వంటి పెద్ద ఆస్పత్రికి తీసుకురండి.

ప్రశ్న: నేను పాడేరు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యురాలిని. శిక్షణ తరగతులలో ఎక్కువగా కాలేయ మార్పిడి, కొత్త ఎండోస్కోపీ పరికరాల గురించి చెబుతారు. మాకు పనికివచ్చేది తక్కువ. కామెర్ల రోగులు పసరు మందు తాగి, ముదిరాక వస్తారు. నాబోటివారు ఏం నేర్చుకోవాలి?

జవాబు: డాక్టరమ్మా, మీ ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది. తరగతులు ఏర్పాటు చేసేవారు దీనిని చదవాలని కోరుకుంటున్నాను. కొండ దిగువన రోగికి ఏ పరికరం ఉన్నా, ఘాట్ రోడ్డు దిగేలోపు బతికించేది మీరే.

మీరు నేర్చుకోవలసిన వాటిలో మొదటిది, కామెర్ల రోగులలో ఎవరిని ఇంటికి పంపవచ్చు, ఎవరిని వెంటనే పంపించాలి అన్నది. కామెర్ల పసుపుకు కారణమైన బిలిరూబిన్ అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి. రోగి తికమకగా ఉన్నాడా, పగలు నిద్ర రాత్రి మెలకువగా ఉన్నాడా, రక్తం గడ్డకట్టే సమయం పెరిగిందా అన్నవి ముఖ్యం. కలుషిత నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, కానీ నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే ప్రాణాపాయం, ఆమెను ఒక్కరోజు కూడా ఆపకూడదు.

రెండోది, రక్తపు వాంతితో వచ్చిన సిరోసిస్ రోగి. రక్తనాళాల ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రాము పంపేముందే మొదలుపెట్టగలిగితే మంచిది. హిమోగ్లోబిన్ 7కు తగ్గితేనే రక్తం ఎక్కించాలి, అతిగా ఎక్కిస్తే ఒత్తిడి పెరిగి మళ్లీ స్రవిస్తుంది. ఎండోస్కోపీ 12 గంటలలోపు జరిగేలా ముందుగా ఫోన్ చేసి పంపండి.

పసరు మందు విషయంలో నా అభిప్రాయం ఇది. తిట్టితే రోగి తరువాతి సారి దాచిపెడతాడు. ఏ ఆకు, ఎన్ని రోజులు, ఎవరిచ్చారు అని మామూలుగా అడిగి రాసుకోండి, దానిని ఆపించండి. హెపటైటిస్ ఎ వచ్చిన పదిమందిలో దాదాపు అందరూ ఏ మందూ లేకుండానే కోలుకుంటారు కాబట్టి, పసరు ఇచ్చినవారికి పేరు వస్తుంది. ఈ సంగతి ఊరి పెద్దల సమక్షంలో ఓపికగా చెప్పండి. పత్యం పేరుతో వారాల తరబడి పప్పు, నూనె మాన్పించనవసరం లేదని కూడా చెప్పండి. పుట్టిన 24 గంటలలోపు బిడ్డకు హెపటైటిస్ బి టీకా పడేలా చూడడం మాత్రం, ఏ తరగతిలో చెప్పే ఏ కొత్త మందు కన్నా ఎక్కువ కాలేయాలను కాపాడుతుంది.

ప్రశ్న: స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వచ్చింది. భయపడాలా? (ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: గ్రేడ్ కొవ్వు ఎంతో సుమారుగా చెబుతుంది, కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పదు. అది తెలుసుకోవడానికి మీ దగ్గర ఇప్పటికే ఉన్న రక్తపరీక్షలు చాలు. రిపోర్టులో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైముల అంకెలు ఉంటాయి. వయసును ఏఎస్‌టీతో గుణించి, ఆ మొత్తాన్ని, ప్లేట్‌లెట్లను వేలలో రాసి ఏఎల్‌టీ వర్గమూలంతో గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు వయసు 50, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అయితే, 2000ను 1400తో భాగిస్తే 1.43 వస్తుంది. 1.3 లోపు ఉంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు, 2.67 దాటితే నిపుణుడిని కలవాలి, మధ్యలో ఉంటే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. 65 ఏళ్లు దాటినవారికి 1.3 బదులు 2 చూసుకోవాలి. లివర్ టానిక్కులకు ఖర్చు పెట్టకండి. బరువు ఎక్కువ ఉంటే, ఏడాదిలో అందులో 7 నుంచి 10 శాతం తగ్గించండి, మధుమేహం ఉందేమో పరీక్ష చేయించండి, మద్యం మానేయండి. రెండు మూడేళ్లకోసారి ఈ లెక్క మళ్లీ వేసుకోండి. మధుమేహం ఉంటే మాత్రం ఏటా వేసుకోండి.